పద్నాలుగు అంగుళాలు

లిఫ్టు పెట్టె పైకప్పులో ఒక మూత ఉంటుంది. లోపల నిలబడ్డవాళ్ళు తలెత్తి చూడరు కాబట్టి అది ఉందని వాళ్ళకి తెలియదు. ఇరవై అంగుళాల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి, లోపలివాళ్ళు కదల్లేని స్థితిలో ఉంటే మెకానిక్కు పైనుంచి ఆ మూత తీసి లోపలికి దిగాలి. ముప్పై ఏళ్ళలో నేను అలా పదకొండుసార్లు దిగాను. పన్నెండోసారి ఇరుక్కున్నాను.

ఆ రోజు లోపల ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి తలుపుకి ఆనుకుని పడిపోయింది. ఆవిడని జరపకుండా లిఫ్టు కదిలించకూడదు. పక్కన ఉన్నది ఆవిడ అక్క, ఇంకా పెద్దావిడ. చేతికర్ర వదిలితే తనే పడిపోయే మనిషి. నేను కాళ్ళు దించాను, నడుము దించాను. పొట్ట దగ్గర ఆగాను. ఊపిరి బిగబట్టి ఇంకో అంగుళం దిగాను. ఆ అంగుళమే తప్పు. ఇక కిందికీ లేదు, పైకీ లేదు.

కిందినుంచి అక్కగారి గొంతు వినిపించింది.

"మనిషి వస్తున్నాడా, కాళ్ళు మాత్రమే పంపించారా?"

పైన నా బావమరిది టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా భార్య తమ్ముడు, నాతోనే పని చేస్తాడు. చీపురుపుల్లకి చొక్కా తొడిగినట్టు ఉంటాడు.

"బావా, కిందికా పైకా? ఏదో ఒకటి చెబితే దాన్నిబట్టి పట్టుకుంటాను."

"నోరు మూసుకుని లాగు."

చంకల కింద చేతులు పెట్టి లాగాడు. చొక్కా చిరిగింది. పొట్ట చర్మం గీరుకుపోయింది. బయటపడేసరికి పద్దెనిమిది నిమిషాలు. ఆ తర్వాత వాడు చేప నీళ్ళలోకి జారినట్టు అదే కంతలోంచి దిగి, పెద్దావిడని తలుపు దగ్గరనుంచి జరిపి, ముఖం మీద నీళ్ళు చల్లాడు. నేను మిషను గదిలోకి పోయి చేత్తో బ్రేకు వదిలి లిఫ్టుని అంతస్తుకి తెచ్చాను. ఆవిడ బతికింది. అందులో నా గొప్ప ఏమీ లేదు.

మర్నాడు సూపర్వైజరు పిలిచాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది, ఏది కనిపిస్తే అది కొలుస్తాడు.

"కూర్చోండి."

"నిలబడే వింటాను."

"పద్దెనిమిది నిమిషాలండీ. ఆవిడది గుండె జబ్బయి ఉంటే?"

అతను అన్నది నిజం. నిజం చెప్పినంత మాత్రాన మనిషి నచ్చాలని లేదు.

"ఫోను గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చే ఫిర్యాదులు రాసుకుంటే చాలు."

"నాకు కుర్చీ వద్దు."

"మీకు వద్దేమో. అది మాత్రం సరిగ్గా మీ కొలతకే ఉంది."

పక్కన గుమాస్తా నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

"ఎన్నాళ్ళు టైమిస్తారు?" అన్నాను.

"దేనికి?"

"ఆ మూతలోంచి దిగడానికి."

అతను నా పొట్ట వైపు చూశాడు. చెయ్యి దానంతట అదే టేపు మీదికి పోయింది. "మూడు నెలలు. వర్క్‌షాపులో పని నేర్పే లిఫ్టు పెట్టె ఉంది కదా, మూడు నెలలు నిండాక మొదటి సోమవారం, అందరి ముందు. దిగితే మీ పని మీది. దిగకపోతే రిటైరయ్యేదాకా కుర్చీ. ఈ మూడు నెలలూ ఎలాగూ కుర్చీయే."

వచ్చేటప్పుడు చేతిలో ఒక నున్నటి కాగితం పెట్టాడు. కంపెనీ ఆరోగ్య పథకం. అందులో పళ్ళెం బొమ్మ, పళ్ళెంలో నేను పుట్టాక చూడని ఆకులు, కింద నడుస్తూ నవ్వుతున్న జంట. ఆ జంటని చూడగానే మడిచి చెత్తబుట్టలో వేశాను.

ఫోను గదికి కిటికీ లేదు. రెండు ఫోన్లు, గోడకి బిల్డింగుల జాబితా, ఒక చక్రాల కుర్చీ. ఆఫీసుల్లో వాడే చక్రాల కుర్చీయే, ఆసుపత్రిది కాదు. నాకు తేడా తెలియలేదు. ఏ బిల్డింగు, ఎన్నో అంతస్తు, లోపల ఎంతమంది. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా ఇవే మూడు ప్రశ్నలు. ఇరుక్కున్నవాళ్ళు నామీద అరుస్తారు. పోయి తీసేవాడు వేరొకడు.

పని సంచి మాత్రం నేను దించలేదు. స్పానర్లు, మీటరు, టార్చి, తాళాలు, అన్నీ కలిపి ఎనిమిది కిలోలు. కుర్చీలో కూర్చున్నా భుజానికే ఉంచుకున్నాను.

"ఎవరూ ఎత్తుకుపోరు బాబాయ్, కింద పెట్టుకోండి" అంది పక్క ఫోను అమ్మాయి.

"ఎత్తుకుపోతారని కాదు. కింద పెడితే కుర్చీకి ఒప్పుకున్నట్టు."

ఆ వారమే డాక్టరు దగ్గరికి పోయాను. ఏం తింటారని అడిగాడు. చెప్పాను. పొద్దున బన్ను, పంచదార దండిగా వేసిన టీ. పదకొండింటికి బండి దగ్గర నూనెలో తేలినది ఏదైనా. మధ్యాహ్నం హోటల్లో గిన్నెడు అన్నం, వేపుడు. సాయంత్రం మళ్ళీ బండి. రాత్రికి పొద్దుటి బన్నులో మిగిలింది.

"ఇంట్లో వంట?"

"చేసే మనిషి పోయింది. నాలుగేళ్ళయింది."

డాక్టరు పెన్ను ఆగింది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాడి చెయ్యి ఆగుతుంది. నాకు అది పడదు.

"తిండి మార్చాలి. ఒంటికి పని చెప్పాలి. నచ్చని పని చెయ్యమనను, మీరు పది రోజుల్లో మానేస్తారు. ఇష్టమైన ఆటేదైనా ఉందా? బడిలో ఆడింది?"

"లేదు" అన్నాను.

అది అబద్ధం. మా ఊరి బడిలో రెండు గదులు, ఒక రబ్బరు రింగు ఉండేవి. బంతి మగపిల్లలకి, రింగు ఆడపిల్లలకి. లెక్కలు తప్పుచేసిన మగపిల్లవాడిని మాస్టారు శిక్షగా ఆడపిల్లలతో రింగు ఆడమని పంపేవారు. నేను కావాలని లెక్కలు తప్పు చేసేవాణ్ణి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

ఆమెకి చెప్పి ఉండాల్సింది.

ఆమెకి షుగరు వచ్చినప్పుడు డాక్టరు ఇదే చెప్పాడు, తిండి మార్చమని, ఏదో ఒకటి ఆడమని. కింది అంతస్తులో ఉండే టైలరమ్మ ఒక రింగు కొనుక్కొచ్చింది. మా బిల్డింగు సెల్లారులో రెండు స్తంభాలకి అడ్డంగా తాడు కట్టి, సాయంత్రం ఆరింటికి ఆరుగురు ఆడవాళ్ళు ఆడేవారు. రెండు నెలలు మా ఆవిడ మనిషి మారిపోయింది. మెట్లు ఎక్కి వచ్చేది. పాడుకుంటూ వంట చేసేది. ఒక సాయంత్రం నేను బావమరిదినీ, తోటి పనివాళ్ళు ఇద్దరినీ వెంటబెట్టుకుని సెల్లారులోంచి వచ్చాను. ఆమె రింగు కోసం గాల్లోకి ఎగిరింది.

"ఈ వయసులో గంతులేంటే, దూడలు సిగ్గుపడతాయి" అన్నాను.

వెంట ఉన్న ముగ్గురూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె తమ్ముడు. ఆమె కూడా నవ్వింది. రింగు పట్టుకునే పైకి వచ్చి వంటగది తలుపు వెనక మేకుకి తగిలించింది. మళ్ళీ కిందికి పోలేదు. రెండేళ్ళకి పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, తలుపు వేసినప్పుడల్లా ఆ రింగు చెక్కకి తగిలి చప్పుడు చేసేది. మేకు పీకేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. పీకలేదు. ఆ చప్పుడు నాకు రావాల్సిందే.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం దాన్ని తీశాను. ఒక పక్క రబ్బరు గట్టిపడింది. ఆరింటికి సెల్లారుకి దిగాను.

ఆట ఇంకా జరుగుతూనే ఉంది. ఆమె స్థానంలో ఎవరూ చేరలేదు, అయిదుగురే ఆడుతున్నారు. టైలరమ్మ నన్ను చూసింది, నా చేతిలోది చూసింది. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. మెడలో కొలత టేపు తియ్యకుండానే ఆడుతుంది. ఈ టేపు మనుషులు నా ప్రాణానికి తగులుకున్నారు.

"అది ఎక్కడిది?"

"మా ఇంట్లోది."

"మీ ఇంట్లోది కాదు. అక్కది. ఇలా ఇవ్వండి."

ఇచ్చాను.

"ఆడటానికి వచ్చాను" అన్నాను.

అయిదుగురూ ఆగిపోయారు. టైలరమ్మ రింగుని తిప్పి చూసి, నెమ్మదిగా అంది.

"ఈ వయసులో గంతులేంటి మెకానిక్ గారూ? దూడలు సిగ్గుపడవూ?"

ఆరేళ్ళయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"పడనీ" అన్నాను.

ఆమె రింగుని మోచేతికి తగిలించుకుంది. "ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఓడిన జట్టులో ఎవరి చేతిలోంచి ఎక్కువసార్లు జారితే వాళ్ళు మర్నాడు అందరికీ పళ్ళు తేవాలి. సాకులు చెప్పకూడదు. ఒప్పుకుంటే ఆ మూల నిలబడండి."

నిలబడ్డాను. ఆరు నిమిషాల్లో కళ్ళముందు చీకట్లు కమ్మాయి. రింగు ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే విసరాలి, చేతిలో ఉండగా అడుగు వెయ్యకూడదు. నా చేతిలోంచి పద్నాలుగుసార్లు జారింది. లెక్కపెట్టింది నేను కాదు, వాళ్ళు. రిక్షా తొక్కినవాడిలా వగరుస్తూ గోడకి చేరగిలబడ్డాను.

"బతికే ఉన్నారా?" అని ఒకావిడ అడిగింది.

"రేపు పళ్ళు తెచ్చేదాకా బతకాలిగా" అంది టైలరమ్మ.

అయినా ఒక్కసారి, ఆ ఒక్కసారి, రింగు తిరుగుతూ వచ్చి నా అరచేతిలో అతుక్కుంది. చిన్నప్పటి లాగే. మర్నాడు మళ్ళీ పోయాను. డాక్టరు కోసం కాదు.

తిండి సంగతి ఆటకంటే కష్టమైంది. బావమరిదిని అడిగాను.

"మీ అక్క షుగరు వచ్చాక ఏం తినేదిరా?"

"ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నన్నడుగుతావేంటి బావా."

టైలరమ్మని అడిగాను. ఆమె మిషను ఆపకుండానే మాట్లాడింది.

"అక్క రెండు గిన్నెలు వండేది. మీదొకటి, తనదొకటి. తన గిన్నెలో ఎప్పుడైనా చెయ్యి పెట్టారా?"

"లేదు."

"పెట్టి ఉంటే ఇప్పుడు నన్ను అడిగే పని ఉండేది కాదు." కుట్టు చివరికి వచ్చింది, పళ్ళతో దారం తెంపింది. "పళ్ళెంలో సగం కూరగాయలు. వేపుడు కాదు, ఉడికినవి. క్యాబేజీ, బీన్సు, ఏవైనా. అన్నం పిడికెడు. పప్పుగింజలో, గుడ్డో ఒకటి. నూనె చెంచాతో కొలిచి పొయ్యాలి, డబ్బా వంచకూడదు. టీలో పంచదార సగానికి సగం. ఇదంతా మీ మీద జాలితో చెప్పడం లేదు. మీరు మాటిమాటికీ గోడ పట్టుకుంటే ఆట ఆగిపోతోంది."

మొదటి వారం బీన్సు మూడుసార్లు మాడ్చాను. రెండో వారం క్యాబేజీ గడ్డి తిన్నట్టు ఉంది. మూడో వారం వెల్లుల్లి దంచి, మిరియాలు వేసి, మూతపెట్టి మగ్గనిచ్చాను. తిని చూశాను. బాగుంది. ఈ వాసన నాకు తెలుసు. పక్క గిన్నెలోంచి ఆరేళ్ళ కిందట వచ్చిన వాసన ఇది. అప్పుడు నేను ముక్కు చిట్లించి, రోగుల కూడు అన్నాను. ఆ రోజు పళ్ళెం ఊడ్చి తిన్నాను. పారేసే హక్కు నాకు లేదు.

బావమరిది పదకొండింటికి బండి దగ్గర పొట్లం కట్టించుకుని ఫోను గదికి వచ్చేవాడు. నా ఎదురుగా విప్పేవాడు.

"ఒక్కటి తిను బావా. ఒక్కదానికి ఏమీ కాదు."

"నువ్వు తిను. నువ్వు మూతలోంచి దూరతావు." నేను డబ్బా తీసి దోసకాయ ముక్కలు కొరికేవాణ్ణి. వాడు ఎదురుగా కరకరలాడిస్తే నేనూ కరకరలాడించేవాణ్ణి. పక్క ఫోను అమ్మాయి చెవులు మూసుకునేది.

బరువు చూసుకోడానికి నేను ఏ మందుల షాపుకీ పోలేదు. మా బిల్డింగు లిఫ్టుకి గంట బిగించింది నేనే. లోపల బరువు నాలుగు వందల ఎనిమిది కిలోలు దాటితే అది మోగుతుంది. పరీక్ష కోసం వాడే ఇనుప గుండ్లు మిషను గదిలో ఉంటాయి. మా పనివాళ్ళం ఒళ్ళు తూచుకునేది దానితోనే. ముందు మనిషి నిలబడాలి, గంట మోగేదాకా గుండ్లు పేర్చాలి, పేర్చిన ఇనుముని నాలుగు వందల ఎనిమిదిలోంచి తీసేస్తే మిగిలింది మనిషి. మొదటి ఆదివారం ఇనుము మూడు వందల నాలుగు దగ్గర మోగింది. అంటే నేను నూట నాలుగు.

ఆదివారాలు మాత్రం ఆట పొద్దున్నే, దానికి ముందు ప్రతి వారం ఇదే పని. రెండో వారం నూట నాలుగు. మూడో వారం నూట అయిదు. నాలుగో వారం నూట మూడు, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయిదో వారం మళ్ళీ నూట నాలుగు. ఆకలి చంపుకుంటున్నాను. బండి ముందునుంచి పోతే వాసనకి నోట్లో నీళ్ళూరుతున్నాయి, ఆగకుండా నడుస్తున్నాను. సాయంత్రం చొక్కా పిండితే బకెట్టులో నీళ్ళు పడుతున్నాయి. అయినా ఇనుము ఒకటే మాట చెబుతోంది.

ఎనిమిదో ఆదివారం గుండ్లన్నీ మోసి పేర్చాను. మూడు వందల నాలుగు దగ్గర గంట మోగింది. నూట నాలుగు. రెండు నెలలు, ఒక్క కిలో కూడా కాదు.

లిఫ్టు తలుపు తెరిచే ఉంది. గంట మోగుతూనే ఉంది. నేను గుండ్ల మధ్య కూలబడ్డాను. ఆపాలనిపించలేదు.

టైలరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెవులు చిల్లులు పడుతున్నాయి. ఏమైంది?"

"ఏమీ కాలేదు. అదే బాధ. నేను ఇవాళ ఆడను."

"ఎందుకు?"

"రెండు నెలల్లో ఒక్క కిలో తగ్గలేదు. సూపర్వైజరు అన్నది నిజం. కుర్చీ నా కొలతకే ఉంది."

"ఆడకపోతే మానండి. నిన్న ఓడింది మీరే, పళ్ళు ఇచ్చి పొండి." నా భుజంమీది సంచి పట్టి తీసింది. చెయ్యి ఒక్కసారి కిందికి జారింది. రెండు చేతులతో పట్టుకుని బయట నేలమీద పెట్టింది. "ఇందులో ఏముంది, శవమా?"

గంట ఆగిపోయింది.

ఇద్దరం పైకి చూశాం, అక్కడ ఏదో కనిపిస్తుందన్నట్టు.

ఆమె సంచి విప్పింది. స్పానర్లు, మీటరు, టార్చి, తాళాలు. ఆట బూట్లు. రెండు లీటర్ల నీళ్ళ సీసా. ఆపైన పళ్ళు. మొదట్లో అయిదుగురికే తెచ్చేవాణ్ణి. ఆదివారం పళ్ళు పంచుతారని తెలిసి బిల్డింగులో పిల్లలు చేరడం మొదలుపెట్టారు, వారం వారం ఒక డజను పెరుగుతూ వచ్చింది. ఓడేది ఎప్పుడూ నేనే.

"మీరు సంచితోనా తూచుకునేది?"

ముప్పై ఏళ్ళుగా లిఫ్టులో అడుగు పెట్టినప్పుడు ఆ సంచి నా భుజం మీదే ఉంది. దాన్ని నేను సంచి అనుకోవడం ఎప్పుడో మానేశాను.

"లేవండి. ఊరికే నిలబడండి" అంది. అయిదు కిలోల గుండు ఒకటి తెచ్చి పెట్టింది. మోగలేదు. ఇంకొకటి పెట్టింది. మోగలేదు. మూడోది పెట్టగానే మోగింది.

"మూడు వందల పంతొమ్మిది" అంది. "చెప్పండి, లెక్కలు మీకు వచ్చుగా."

"ఎనభై తొమ్మిది."

"మొదటి వారం కూడా సంచి ఉందిగా, పళ్ళు లేకుండా?"

"ఉంది. అప్పట్లో పళ్ళు చేత్తో తెచ్చేవాణ్ణి. సంచిలో పనిముట్లే, ఎనిమిది కిలోలు."

"అయితే మొదట్లో తొంభై ఆరు. ఏడు కిలోలు పోయాయి." ఆమె చేతులకంటిన తుప్పు దులుపుకుంది. "మీరు తగ్గినకొద్దీ సంచి బలిసింది. ఇంత తెలివి పెట్టుకుని లిఫ్టులు ఎలా బాగుచేశారో. ఇక వస్తారా, గంటని ఏడిపిస్తూ కూర్చుంటారా?"

పోయాను. ఆ రోజు మొదటిసారి నేను ఓడలేదు. సమానం అయింది. పద్ధతి ప్రకారం సమానమైతే ఇద్దరూ తేవాలి అంది టైలరమ్మ. అలాంటి పద్ధతి అప్పుడే పుట్టిందని నాకు అనుమానం.

పదో వారంలో బావమరిది సెల్లారుకి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. చేతిలో పొట్లం లేదు. ఆట అయ్యేదాకా చూశాడు. నేను చెమట తుడుచుకుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నేను కూడా నవ్వాను బావా."

"తెలుసు."

"అక్క నాతో ఎప్పుడూ అనలేదు."

"నాతోనూ అనలేదు."

వాడు ఇంకేదో అనబోయాడు. చెయ్యి ఎత్తి ఆపాను. "క్షమించమని నన్ను అడక్కు. నా దగ్గర అది లేదు. నాకే లేదు, నీకు ఎక్కడినుంచి తెచ్చేది. రేపటినుంచి ఒక మూల నీకు ఖాళీగా ఉంచుతాం. నిలబడితే నిలబడు."

నిలబడ్డాడు. చీపురుపుల్ల మూడు నిమిషాల్లో గోడ పట్టుకుంది. నాకంటే ముందే. సన్నగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యం కాదని ఆ రోజు వాడికి తెలిసింది. నాకు మాత్రం కాస్త సంతోషం కలిగింది. దాచుకోలేదు.

మూడు నెలలు నిండాక వచ్చిన సోమవారం పొద్దున వర్క్‌షాపులో ముప్పైమంది చేరారు. పని నేర్పే పెట్టె మధ్యలో నిలబెట్టి ఉంది. మీద మూత, పక్కన నిచ్చెన. సూపర్వైజరు టేపు తీశాడు.

"ముందు మిమ్మల్ని ఒకసారి కొలవనా?"

"అక్కర్లేదు. మూతే కొలుస్తుంది."

సంచి బావమరిది చేతికి ఇచ్చాను. మూడు నెలల్లో వాడికి ఇచ్చింది అదొక్కటే. నిచ్చెన ఎక్కి మూత తీశాను. కింద చీకటి. అంచుమీద కూర్చుని కాళ్ళు దించాను. నడుము దించాను. పొట్ట తగిలింది. రెండు పక్కలా రబ్బరు అంచు ఒరుసుకుంది. కిందటిసారి ఇక్కడే ఊపిరి బిగబట్టాను. బిగబడితే మనిషి ఉబ్బుతాడు. రింగు విసిరేటప్పుడు ఊపిరి వదలాలి, అది చేతికి తెలిసిన పాఠం. వదిలాను. మొత్తం వదిలాను. ఒక చెయ్యి పైకెత్తి, ఒక చెయ్యి ఒంటికి ఆనించి, భుజాలు ఏటవాలుగా తిప్పాను. చొక్కా గుండీ ఒకటి తెగి పైన రేకుమీద దొర్లింది. అంతే. నేను లోపల మోకాళ్ళు వంచి రెండు కాళ్ళమీద దిగాను.

లోపలినుంచి తలుపు తోసుకుని బయటికి వచ్చాను. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు కొట్టారు. మూడు నెలల కిందట దగ్గిన గుమాస్తా అందరికంటే గట్టిగా కొట్టాడు. నేను వాడి వైపు చూడలేదు.

"ఒప్పుకున్నాను" అన్నాడు సూపర్వైజరు. "రేపటినుంచి సంచి మీది."

"సంచి ఎప్పుడూ నాదే."

అతను జేబులోంచి పుస్తకం తీశాడు. "ఇంకొక మాట. ఆరోగ్య పథకం కాగితం మీద మీ ఫోటో వేద్దామని పైవాళ్ళు అడిగారు. మా పథకంతో మారిన మనిషి అని. మీరే మీ నోటితో రెండు ముక్కలు చెబితే కింద వేస్తాం."

"రాసుకోండి."

పెన్ను తెరిచాడు.

"ఇదంతా ఇతని భార్యకి ఆరేళ్ళ కిందటే తెలుసు. ఆమెని చూసి నలుగురిలో నవ్వినవాడు ఇతనే." అతని ముఖంలోకి చూశాను. "ఫోటో కింద ఇది వెయ్యండి. ఒక్క ముక్క తగ్గినా ఫోటో లేదు."

పెన్ను ఆగింది. ఈసారి ఆగినందుకు నాకు కోపం రాలేదు.

"ఇది ఎలా వేస్తామండీ?"

"అయితే మానండి."

బావమరిది సంచి అందించాడు. వాడి కళ్ళు నేలమీద ఉన్నాయి. తీసుకుని భుజాన వేసుకున్నాను.

సాయంత్రం ఆరింటికి సెల్లారుకి దిగాను, మెట్లమీదుగా. టైలరమ్మ తాడు బిగిస్తోంది. మేకుకి ఆరేళ్ళు వేలాడిన రింగు ఆమె మోచేతికి తగిలించి ఉంది.

"దూరారా?"

"దూరాను."

"అయితే ఏంటి, నిన్న ఓడింది మీరేగా. పళ్ళేవి?"

సంచి విప్పి పళ్ళు తీసి గోడ వారన పెట్టాను. నా మూలకి పోయి నిలబడ్డాను.

"రేపు తెచ్చేది మీరు" అన్నాను.

ఆమె రింగు విసిరింది.